దవడ గడ్డకు నెత్తురు దారులు వేసేదెవరు?

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో దవడ వాచి వచ్చిన మనిషి పంటి డాక్టరుతో మొదట అనే మాట ‘నొప్పేం లేదు సార్’ అని. ఆ ధైర్యంతోనే చాలామంది ఏడాది, రెండేళ్లు ఊరుకుంటారు. పన్ను పుచ్చి చీము పడితే నొప్పి నిద్రపోనివ్వదు, ఆస్పత్రికి వెళ్లక తప్పదు. దవడ ఎముక లోపల పుట్టే గడ్డలు అలా తొందరపెట్టవు. వాటిలో పేరుపడ్డది అమెలోబ్లాస్టోమా. పన్ను తయారయ్యే రోజుల్లో ఎనామెల్‌ను పుట్టించే కణజాలానికి సంబంధించిన గడ్డ ఇది. ఎక్కువగా ముప్పై, నలభై ఏళ్ల వాళ్లలో, కింది దవడ వెనక భాగంలో, జ్ఞానదంతం ఉండే చోట కనిపిస్తుంది. ఎముకను లోపలి నుంచి తింటూ పోతుంది. బయటికి వాపు తెలిసే నాటికి లోపల ఎముక చాలా చోట్ల పలచబడి, వేలితో నొక్కితే దిగేంతగా తయారవుతుంది.

ఇది క్యాన్సర్ కాదు. మామూలుగా వేరే అవయవాలకు పాకదు. కానీ గీకి తీసేస్తే మళ్లీ వస్తుంది. అలా చేసిన కేసుల్లో సగానికి పైగా తిరగబెట్టినట్టు చెప్పే నివేదికలు చాలా ఉన్నాయి. పదేళ్ల తరవాత తిరగబెట్టినవీ ఉన్నాయి. అందుకే చాలాసార్లు గడ్డతో పాటు చుట్టూ ఒకటి, రెండు సెంటీమీటర్ల మంచి ఎముకను కూడా కోసి తీసేస్తారు. ఆ ఖాళీలో కాలి నుంచి తీసిన ఫిబులా ఎముకను అమర్చి దవడ కడతారు. మనిషి నమలడం, మాట్లాడటం, నలుగురిలో మొహం చూపించడం అన్నీ ఆ ఆపరేషన్ మీద ఆధారపడతాయి.

ఇంత మొండి గడ్డకు తిండి ఎక్కడిది? ఎముకను తినేది గడ్డ కణాలేనా, వాటికి తోడు ఇంకెవరైనా ఉన్నారా? ఈ రెండు ప్రశ్నలను పట్టుకుని వెతికినవాళ్లు చివరికి మన శరీరంలోని రోగనిరోధక కణాల దగ్గరికే వచ్చారు. మనల్ని కాపాడాల్సిన కణాలే గడ్డకు రక్తనాళాలు పుట్టిస్తున్నాయా అన్నది ఇప్పటికీ నడుస్తున్న చర్చ. దేశంలోని దంత కళాశాలల్లో ఈ విషయం మీద థీసిస్‌లు రాస్తూనే ఉన్నారు, పత్రికల్లో వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. అవన్నీ ముందేసుకుని చూస్తే కొన్ని సంగతులు గట్టిగా నిలబడతాయి, కొన్ని తూలిపోతాయి.

మొదట ఈ కణాల సంగతి. 1878లో పాల్ ఎర్లిష్ అనే జర్మన్ విద్యార్థి లైప్‌జిగ్‌లో డాక్టరేట్ పని చేస్తూ కణజాలానికి రకరకాల అద్దకం రంగులు వేసి చూశాడు. కొన్ని కణాల్లోని రేణువులు వేసిన రంగును పట్టి వేరే రంగుగా మార్చేశాయి. వాటికి మాస్ట్ సెల్స్ అని పేరు పెట్టాడు. దురద, దద్దుర్లు, తుమ్ముల వెనక ఉండే హిస్టమిన్ ఈ కణాల నుంచే ఊడిపడుతుంది కాబట్టి మనకు ఇవి ఎలర్జీ కణాలుగానే తెలుసు. నాలుగేళ్ల తరవాత, 1882లో, రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికోవ్ ఒంట్లోకి దిగిన పరాయి వస్తువును చుట్టుముట్టి మింగే కణాలను గమనించాడు. మాక్రోఫేజ్‌లు ఆ కోవలోవి. రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి ఇద్దరికీ కలిపి 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి ఇవి రెండూ కాపలా కణాలే. వీటి మీద అనుమానం రావడానికి ఇంకో డెబ్బై ఏళ్లు పట్టింది.

1971లో బోస్టన్ సర్జన్ జుడా ఫోక్‌మన్ ఒక ప్రతిపాదన ముందుకు తెచ్చాడు. గడ్డ ఏదైనా ఒకటి, రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే దానికి కొత్త రక్తనాళాలు కావాలి, ఆ నాళాలను అది పక్కనున్న నాళాల నుంచి మొలిపించుకుంటుంది, ఆ మొలకను ఆపగలిగితే గడ్డను ఆపవచ్చు అన్నాడు. అప్పట్లో నమ్మినవాళ్లు తక్కువ. 1976లో ఆయన బృందమే కోడిగుడ్డు లోపలి పొర మీద గడ్డ ముక్కను నాటి చూసింది. కొత్త నాళాలు రాకముందే ఆ చోటుకు మాస్ట్ సెల్స్ వచ్చి చేరాయి. మామూలు కంటే 40 రెట్లు ఎక్కువ కనిపించాయి. మాస్ట్ సెల్ దాచుకునే హెపారిన్ రక్తనాళపు గోడ కణాలను కదిలిస్తుందని ఆ తరవాత తేలింది. 1989లో నెపోలియోన్ ఫెరారా బృందం వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వేరుచేసి, నాళాలను మొలిపించే ముఖ్యమైన సంకేతం ఇదేనని చూపింది. మాస్ట్ సెల్స్, మాక్రోఫేజ్‌లు రెండూ దాన్ని విడుదల చేయగలవు.

పక్కపక్కన కనిపించినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం అయిపోదు. ఆ సందేహాన్ని చాలావరకు తీర్చింది 1999లో అమెరికాలో లీసా కూసెన్స్, ఆమె సహచరులు ఎలుకల మీద చేసిన ప్రయోగం. చర్మ క్యాన్సర్ వచ్చేలా తయారుచేసిన ఎలుకల్లో, క్యాన్సర్ ముదరకముందే మాస్ట్ సెల్స్ చేరి, నాళాలు మొలిచాయి. పుట్టుకతోనే మాస్ట్ సెల్స్ లేని ఎలుకల్లో ఆ తొలి దశ నాళాల మొలక తగ్గిపోయింది. నా దృష్టిలో ఈ చర్చ మొత్తానికి మూలస్తంభం ఈ ప్రయోగమే. అయితే అది చర్మం, అది క్యాన్సర్. దవడ ఎముకలో నెమ్మదిగా పెరిగే అమెలోబ్లాస్టోమాకు దాన్ని యథాతథంగా అతికించడానికి వీల్లేదు.

దవడ విషయంలో ఏముంది? జపాన్ పరిశోధకుడు కుమమోతో బృందం 2002లో అమెలోబ్లాస్టోమా కణాలు వీఈజీఎఫ్‌ను తయారుచేస్తున్నాయనీ, మామూలు పంటి మొగ్గతో పోలిస్తే గడ్డలో నాళాలు దట్టంగా ఉన్నాయనీ చూపింది. ఆడొంటోజెనిక్ కెరటోసిస్ట్ అనే ఇంకో మొండి దవడ జబ్బు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దాన్ని గడ్డల జాబితాలో చేర్చింది, 2017లో మళ్లీ తిత్తుల జాబితాలోకి మార్చింది. దాంట్లోనూ, పంటి వేరు కొసన వచ్చే మామూలు తిత్తుల్లోనూ మాస్ట్ సెల్స్ ఉంటాయని బ్రిటన్‌లో 1989లోనే రాశారు. 1996లో ఫిన్లాండ్ పరిశోధకులు ఈ తిత్తుల గోడలో మాస్ట్ సెల్ విడుదలచేసే ట్రిప్టేజ్ అనే ఎంజైమును పట్టుకుని, ఎముక అంచుల్లో కరుగుదలకు దాంతో సంబంధం ఉందని సూచించారు. ఆ తరవాత భారతదేశం నుంచి వచ్చిన పరిశోధనలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే పద్ధతిలో నడుస్తాయి. కాలేజీలో దాచిన పాత కేసుల్లోంచి పదో, ఇరవయ్యో అమెలోబ్లాస్టోమాలు, మరికొన్ని తిత్తులు తీసుకుని, మాస్ట్ సెల్స్ ఎన్ని, నాళాలు ఎన్ని అని లెక్కిస్తారు. రెండూ కలిసి పెరిగాయని కొన్ని వ్యాసాలు తేలుస్తాయి. అలాంటిదేమీ కనపడలేదని మరికొన్ని అంటాయి.

ఈ తేడా ఎందుకు వస్తుందో తెలియాలంటే లెక్కించే పని దగ్గరికి వెళ్లి చూడాలి. ఆపరేషన్‌లో తీసిన ముక్క ఫార్మలిన్‌లో మునిగి ల్యాబుకు వస్తుంది. దాన్ని మైనంలో పోతపోసి బ్లాక్ చేస్తారు. మైక్రోటోమ్ బ్లేడుతో ఆ బ్లాకు నుంచి మిల్లీమీటరులో 250వ వంతు మందం ఉన్న పొర తీసి, గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి, గాజు పలక మీదికి ఎక్కిస్తారు. దాని మీద టొలుయిడిన్ బ్లూ పోస్తే అంతా నీలంగా మారుతుంది. ఆ నీలంలో అక్కడక్కడ వంకాయ రంగు చుక్కలతో నిండిన కణాలు మెరుస్తాయి. అవే మాస్ట్ సెల్స్. ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు, రంగు సీసా వెల కూడా తక్కువే. రక్తనాళాలకైతే సీడీ34 లాంటి యాంటీబాడీ కావాలి, ఖర్చు ఎక్కువ. అది వేస్తే నాళం గోడ గోధుమ రంగుకు తిరుగుతుంది. పీజీ విద్యార్థి మైక్రోస్కోపు ఐపీసు మీద కన్నుపెట్టి, 400 రెట్ల పెద్దదనంలో కనిపించే ఒక్కొక్క వృత్తాన్నీ దాటుకుంటూ లెక్కిస్తుంది. మామూలుగా పది వృత్తాలు.

ఆ పది వృత్తాలు ఎక్కడ తీసుకోవాలన్నదే చిక్కు. 1991లో రొమ్ము క్యాన్సర్ మీద వైడ్నర్ చూపిన పద్ధతిలో, నాళాలు అన్నిటికన్నా దట్టంగా ఉన్న చోటు వెతికి అక్కడే లెక్కించాలి. చాలామంది అదే పాటిస్తారు. కొందరు వరసగా వచ్చిన వృత్తాలన్నీ లెక్కిస్తారు. ఒకరు లోపల ఖాళీ ఉన్న నాళాలనే లెక్కలోకి తీసుకుంటారు, ఇంకొకరు ఒంటరిగా ఉన్న గోధుమ కణాన్ని కూడా నాళంగా పరిగణిస్తారు. ఒక మైక్రోస్కోపు వృత్తం ఇంకో మైక్రోస్కోపు వృత్తం కంటే పెద్దది కావచ్చు. చదరపు మిల్లీమీటరుకు ఎన్ని అని రాస్తే ఈ తేడా పోతుంది, వృత్తానికి ఎన్ని అని రాసి వదిలేసిన వ్యాసాలు ఎన్నో. యాంటీబాడీలోనూ ఇలాంటి తేడాయే: సీడీ34 పాత నాళాన్నీ కొత్త నాళాన్నీ ఒకేలా చూపిస్తుంది, కొత్తగా మొలుస్తున్నవాటిని పట్టుకోవడానికి సీడీ105 మేలు. ఇన్ని తేడాల మధ్య తిరుపతిలో వచ్చిన సంఖ్యను టోక్యోలో వచ్చిన సంఖ్య పక్కన పెట్టి పోల్చడం కుదరదు.

అంతకంటే పెద్ద చిక్కు చీము. మన దగ్గర దవడ గడ్డతో వచ్చేవాళ్లలో చాలామందికి అదే చోట పుచ్చిన పన్ను ఉంటుంది. లేదంటే గడ్డ నోట్లోకి తెరుచుకుని ఇన్‌ఫెక్షన్ సోకి ఉంటుంది. ఎక్కడ వాపు, చీము ఉంటే అక్కడ మాస్ట్ సెల్స్, మాక్రోఫేజ్‌లు చేరతాయి, కొత్త నాళాలు మొలుస్తాయి. గాయం మానే పద్ధతే అది. కాబట్టి ఆ కణాలు, ఆ నాళాలు గడ్డవా, చీమువా? ఇన్‌ఫెక్షన్ ఉన్న కేసులను వేరుచేయకుండా లెక్కించిన పరిశోధన ఈ ప్రశ్నకు జవాబివ్వలేదు. పంటి వేరు కొస తిత్తుల్లో మాస్ట్ సెల్స్ ఎక్కువగా కనబడటానికి కారణం ఆ తిత్తులు పుట్టేదే ఇన్‌ఫెక్షన్ వల్ల కావడం. అలాంటి తిత్తిని అమెలోబ్లాస్టోమాతో పోల్చి, ‘మాస్ట్ సెల్స్ తక్కువ ఉన్నాయి కాబట్టి గడ్డలో వాటి పాత్ర తక్కువ’ అనేయడం తొందరపాటు. ఎక్కువ ఉన్నాయి కాబట్టి పాత్ర ఎక్కువ అనడమూ అంతే. నేను చూసిన వ్యాసాల్లో అన్నిటికన్నా తరచుగా కనిపించిన లోపం ఇదే.

నాళాల విషయం ఇలా ఊగిసలాడుతుంటే ఎముక విషయం మాత్రం చాలా గట్టిగా నిలిచింది. అమెలోబ్లాస్టోమా కణాలు తమంతట తాము ఎముకను కరిగించవు. ఎముకను కరిగించే పని మన శరీరంలో ఆస్టియోక్లాస్ట్ అనే పెద్ద కణానిది. మాక్రోఫేజ్ ఏ తెల్ల కణాల వంశం నుంచి వస్తుందో ఆస్టియోక్లాస్ట్ కూడా అక్కడి నుంచే వస్తుంది. అలాంటి కణాలు కొన్ని ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అనేక కేంద్రకాలున్న పెద్ద కణంగా మారి, ఎముకకు అంటుకుని, ఆమ్లం వదిలి కరిగిస్తాయి. అలా మారమని చెప్పే సంకేతం ర్యాంక్‌ఎల్ అనే ప్రోటీన్. 1998 నాటికి అది ఏమిటో తెలిసింది. 2004లో కుమమోతో బృందమే అమెలోబ్లాస్టోమాలో ఈ ర్యాంక్‌ఎల్ ఉందని రాసింది. అంటే గడ్డ పిలుస్తుంది, రోగనిరోధక వంశపు కణం వచ్చి ఎముక తవ్వుతుంది, ఖాళీ అయిన చోటుకు గడ్డ జరుగుతుంది. ఊళ్లో ఒకరి పొలం గట్టును పొరుగువాడు ఆ ఇంటి కూలీ చేతనే తవ్వించినట్టు. గుట్కా, ఖైనీ నమిలేవాళ్లకు చిగుళ్ల దగ్గర వచ్చే క్యాన్సర్ దవడలోకి దిగేటప్పుడు కూడా ముందు నడిచేది చాలావరకు ఈ ఆస్టియోక్లాస్ట్‌లే.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన ఒక మాట చెప్పాలి. ఎముక విరిగితే పుత్తూరు కట్టు గుర్తొచ్చే సీమ మనది. దవడ గడ్డ తిని పలచబడిన ఎముక చిన్న దెబ్బకే, ఒక్కోసారి గట్టిది ఏదో కొరికితేనే విరుగుతుంది. అప్పుడు కట్టు కట్టించుకుని ఇంటికి వెళ్తే, విరగడానికి అసలు కారణమైన గడ్డ లోపలే ఉండిపోతుంది. దవడ విరిగిందంటే దవడ మొత్తాన్ని చూపే ఓపీజీ ఎక్స్‌రే తీయించుకోవలసిందే, ఎక్స్‌రేలో నల్లని ఖాళీ కనపడితే బయాప్సీ చేయించుకోవలసిందే.

ఇంత పరిశోధన రోగికి ఏం ఇచ్చింది? ఇచ్చిన చోట నిజంగానే ఇచ్చింది. 1999లో కాబన్, మల్లికెన్, ఫోక్‌మన్ ఒక ఐదేళ్ల పాప కేసును ప్రచురించారు. కింది దవడలో జెయింట్ సెల్ ట్యూమర్. ఆపరేషన్ చేసినా వెంటనే తిరిగొచ్చి వేగంగా పెరిగింది. పాప మూత్రంలో నాళాలను మొలిపించే ఒక ప్రోటీన్ మోతాదు బాగా ఎక్కువగా ఉంది. దాన్ని తగ్గిస్తుందని తెలిసిన ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫాను ఏడాది పాటు ఇచ్చారు. గడ్డ కుంచించుకుపోయి మాయమైంది, మూత్రంలో ప్రోటీన్ మామూలు స్థాయికి దిగింది, ముఖంలో దవడ నిలిచింది. చిన్నపిల్ల దవడ కోయకుండా మిగిలిందంటే అది ఎంత పెద్ద విషయమో ఆ పిల్లను కన్నవాళ్లకే తెలుస్తుంది. రక్తనాళాల దారి మూయడం అనే ఆలోచన దవడ గడ్డల్లో కూడా పనిచేయగలదని చూపిన కేసు అది. ఒక కేసుతో సిద్ధాంతం కట్టలేం గానీ, దాని తరవాత ఆ దారిలో ఇంకా కొందరికి చికిత్స జరిగింది. ర్యాంక్‌ఎల్‌ను అడ్డుకునే డెనోసుమాబ్ అనే మందుకు ఎముకల జెయింట్ సెల్ ట్యూమర్ చికిత్స కోసం 2013లో అమెరికా అనుమతి ఇచ్చింది.

అమెలోబ్లాస్టోమాలో మాత్రం మలుపు ఇంకో వైపు నుంచి వచ్చింది. 2014లో మూడు బృందాలు వేరువేరుగా ఈ గడ్డలో చాలావాటికి బ్రాఫ్ అనే జన్యువులో ఒకే మార్పు, వీ600ఈ, ఉందని కనిపెట్టాయి. ఫిన్లాండ్ బృందం తమ కేసుల్లో 63 శాతానికి ఆ మార్పు చూసింది. ఆ మార్పును అడ్డుకునే మాత్రలు అప్పటికే చర్మ క్యాన్సర్ కోసం ఉన్నాయి. వాటిని వాడిన కొద్దిమంది అమెలోబ్లాస్టోమా రోగుల్లో గడ్డ బాగా తగ్గింది. మాస్ట్ సెల్స్ లెక్కించిన ఇన్ని దశాబ్దాల పని అమెలోబ్లాస్టోమా రోగికి ఇవ్వలేని మందును ఒక జన్యు పరీక్ష ఇచ్చింది. ఈ మాట ఎవరినీ తక్కువ చేయడానికి కాదు, ఎక్కడ శ్రమ పెట్టాలో తేల్చుకోవడానికి.

నాళాలను మూసే మందులన్నీ దవడకు మేలు చేస్తాయనుకుంటే పొరపాటే. దవడ ఎముక పళ్ల ద్వారా నోటిలోని సూక్ష్మజీవులకు దగ్గరగా ఉంటుంది, నమిలే ఒత్తిడి రోజూ పడుతుంది. దానికి రక్తం సరిగా అందకపోయినా, ఎముక తనను తాను మరమ్మతు చేసుకోలేకపోయినా, పన్ను పీకిన గాయం మానక ఎముక చచ్చుబడిపోతుంది. 2003లో అమెరికా సర్జన్ రాబర్ట్ మార్క్స్ ఎముకలు బలపడటానికి వాడే బిస్ఫాస్ఫొనేట్ మందులతో ఇలా జరుగుతోందని హెచ్చరించాడు. తరవాత డెనోసుమాబ్‌తోనూ, బెవాసిజుమాబ్ లాంటి నాళ నిరోధక మందులతోనూ అదే కనిపించడంతో 2014లో ఆ జబ్బు పేరునే విస్తరించాల్సి వచ్చింది. క్యాన్సర్‌కు ఈ మందులు మొదలుపెట్టేవాళ్లు ముందుగా పంటి డాక్టరుకు చూపించుకుని, పీకాల్సిన పళ్లు ఉంటే మందు మొదలుకాకముందే పీకించుకోవాలి. ఈ జాగ్రత్త ప్రతి క్యాన్సర్ రోగికీ తెలియాలి.

రోగనిరోధక కణాలు, రక్తనాళాలు కలిసి ఆలోచించిన చికిత్స మన దేశంలోనే ఒకటి ఫలించింది. దేశంలో ఏటా కొత్తగా సుమారు 1 లక్షా 43 వేల మందికి పెదవి, నోటి క్యాన్సర్ వస్తోందని 2022 అంతర్జాతీయ అంచనా. ముదిరిన తల, మెడ క్యాన్సర్‌కు నివోలుమాబ్ అనే రోగనిరోధక చికిత్స మంచిదే గానీ, దాని ఖరీదు మన మధ్యతరగతి కూడా మోయలేదు. ముంబైలోని టాటా మెమోరియల్ వైద్యులు మామూలు మోతాదులో పదో వంతుకన్నా తక్కువ, మూడు వారాలకు 20 మిల్లీగ్రాములు మాత్రమే ఇచ్చి చూశారు. దానికి జతగా రోజువారీ, వారంవారీ తక్కువ మోతాదులో నోటి మాత్రలు: మెథోట్రెక్సేట్, సెలకాక్సిబ్, ఎర్లోటినిబ్. ఇలా తక్కువ మోతాదును విడవకుండా ఇచ్చే పద్ధతి గడ్డ కణాల కంటే గడ్డ నాళాలను ఎక్కువ దెబ్బతీస్తుందన్నది ఫోక్‌మన్ బృందం నుంచి వచ్చిన ఆలోచనే. 2023లో ప్రచురించిన ఆ ఫలితంలో, మాత్రలు మాత్రమే తీసుకున్నవాళ్లలో ఏడాది తరవాత బతికున్నది 16.3 శాతం, నివోలుమాబ్ చుక్క కలిసినవాళ్లలో 43.4 శాతం. ఆ మూడు మాత్రల్లో మొదటిదైన మెథోట్రెక్సేట్, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధన నుంచి వచ్చిన మందు. తెలుగువాడి చేతి పని ఇవాళ మన ఊరి నోటి క్యాన్సర్ రోగి మందుల సంచీలో ఉందంటే గర్వంగా ఉంటుంది.

ఇక మన సంగతికి వద్దాం. ఈ చుట్టుపక్కల దవడ గడ్డను పట్టుకుని చూసే చోట్లు తక్కువేం కాదు. తిరుపతి రేణిగుంట రోడ్డులో సీకేఎస్ తేజ దంత కళాశాల ఉంది. 1960లో మొదలైన ఎస్వీ మెడికల్ కాలేజీ, దానికి అనుబంధంగా రుయా ఆస్పత్రి ఉన్నాయి. 1993 నుంచి స్విమ్స్ నడుస్తోంది. అలిపిరి దగ్గర టీటీడీ ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్ట్స్ కట్టిన క్యాన్సర్ ఆస్పత్రి 2022 మేలో తెరుచుకుంది. కుప్పంలో పీఈఎస్ ఉంది. చిత్తూరు, గుడిపాల వైపువాళ్లకు వెల్లూరు సీఎంసీ ఇంటి పక్క ఆస్పత్రి లాంటిదే. దీంతో లాభం ఎంతో, నష్టం కూడా అంతే. పలమనేరు మనిషి బయాప్సీ ఒకచోట, స్కాను ఇంకోచోట, ఆపరేషన్ వెల్లూరులోనో చెన్నైలోనో చేయించుకుంటాడు. ఐదేళ్లకు గడ్డ తిరగబెడితే నాలుగో చోటుకు వెళ్తాడు. అతని స్లైడు ఒక ఊళ్లో, ఫిల్ము ఇంకో ఊళ్లో, చివరి కబురు ఎవరి దగ్గరా ఉండదు.

అసలు లోపం ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం. దంతవైద్యంలో పీజీ అయిన ఎండీఎస్ కోర్సు మూడేళ్లు. అందులో థీసిస్‌కు దొరికే కాలం ఇంకా తక్కువ. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం డాక్టరు ఇన్‌పేషెంటు రికార్డును చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు ఉంచితే చాలు. అమెలోబ్లాస్టోమా తిరగబెట్టడానికి పదేళ్లు పట్టవచ్చు. మాస్ట్ సెల్స్ ఎక్కువున్న గడ్డ త్వరగా తిరిగొస్తుందా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు వస్తే సర్జన్ ఎంత ఎముక కోయాలో నిర్ణయించుకోవడానికి పనికొస్తుంది. ఆ జవాబు ఇచ్చేది రోగి పదేళ్ల తరవాత ఎలా ఉన్నాడన్న సమాచారం. అది లేకుండా ఇంకో ఇరవై గడ్డల్లో కణాలు లెక్కించినా ఇప్పుడు తెలిసినదానికి కొత్తగా చేరేది పెద్దగా ఉండదు. పీజీ విద్యార్థుల ఓపికను నేను గౌరవిస్తాను. ఐపీసు మీద గంటల తరబడి వంగి చేసే ఆ పనికి తగిన ప్రశ్న వాళ్లకు ఇవ్వాల్సిన బాధ్యత గైడ్‌లది, కళాశాలలది.

చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. గడ్డ ముక్కను బఫర్ చేసిన ఫార్మలిన్‌లోనే వేయాలి. ఎముక కలిసిన ముక్కను మెత్తబరచడానికి బలమైన ఆమ్లంలో నానబెడితే పని త్వరగా అవుతుంది, కానీ యాంటీబాడీ పరీక్షలూ జన్యు పరీక్షలూ దెబ్బతింటాయి. ఎముక లేని మెత్తని భాగాన్ని కొంచెం వేరుగా తీసి ఆమ్లం తగలకుండా బ్లాక్ చేసి దాచితే, పదేళ్ల తరవాత వచ్చే కొత్త పరీక్షకు కూడా అది పనికొస్తుంది. ఇన్‌ఫెక్షన్ ఉందా లేదా అన్నది ప్రతి కేసు పక్కన రాసి పెట్టాలి. లెక్క చదరపు మిల్లీమీటరుకు ఎన్ని అని రాయాలి. తిరుపతి, చిత్తూరు, కడప, నెల్లూరు దంత కళాశాలలు, ఆస్పత్రులు కలిసి దవడ గడ్డలకు ఒకే రిజిస్టరు పెట్టుకుంటే పదేళ్లలో ఏ ఒక్క కళాశాలకూ దొరకని సంఖ్య దొరుకుతుంది. ఏడాదికోసారి రోగికి ఒక ఫోను, రెండేళ్లకోసారి ఒక ఎక్స్‌రే. ఇది దేశంలోని పెద్ద నగరాలకు కూడా ఆదర్శం కాగల పని. మొదలుపెట్టడానికి మన దగ్గర మనుషులూ ఉన్నారు, మైక్రోస్కోపులూ ఉన్నాయి.

దవడ గడ్డకు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు, వాళ్ల ఇంటివాళ్లకు కూడా ఒక విన్నపం. బయాప్సీ రిపోర్టు జెరాక్సు, బ్లాకు నంబరు అడిగి తీసుకోండి. మీ రికార్డు కాపీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది నిబంధన. ఆస్పత్రి మారినప్పుడు వాటిని వెంట తీసుకెళ్లండి. గాయం మానింది, వాపు పోయింది అని మానేయకుండా, డాక్టరు చెప్పిన గడువుకల్లా పదేళ్ల పాటు వెళ్లి చూపించుకోండి.